ముప్పై ఏడో ఫోటో

1979లో మా పెరట్లో మొదటి క్రోకస్ పువ్వు విచ్చింది ఏప్రిల్ రెండో తేదీ సోమవారం, ఉదయం పదిన్నరకి. అప్పుడు కెమెరాలో ఉన్న రీలులో అది ముప్పై మూడో ఫోటో. ఆనాటి నోటు పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. ముందు పేజీల్లో వంట కొలతలు, వెనక పేజీల్లో ఫోటోల పట్టీ. ఏ తేదీన ఏం తీశానో, ఆ పొద్దున బయట ఎన్ని డిగ్రీలుందో అన్నీ వరసగా ఉన్నాయి.

అప్పుడు మేం నేపర్‌విల్‌లో ఉండేవాళ్ళం. మావారు ఇంజినీరు, రోజూ రైల్లో షికాగో వెళ్ళి వచ్చేవారు. వయసు ముప్పై ఎనిమిది. ఇరవై మూడో ఏటి నుంచి షుగరు. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు.

అంతకు ముందు అక్టోబరులో ఆయన గరాజ్ గోడ పక్కన అరవై పూల దుంపలు పాతారు. నలభై క్రోకస్‌వి, ఇరవై డాఫొడిల్‌వి. స్కేలు పెట్టి కొలిచి, మూడంగుళాలకొకటి చొప్పున గుంటలు తీశారు. "నేల గడ్డకట్టకముందే పాతాలట. చలికాలమంతా మంచు కింద పడుకుని వాటంతటవే లేస్తాయట," అన్నారు. ఈ దేశానికి వచ్చి ఏడేళ్ళయినా మేం ఒక్క దుంపా పాతింది లేదు. ఎప్పుడూ అద్దె ఇళ్ళే. ఇది మా సొంత పెరడు.

డిసెంబరు పదకొండున ఆయన ఎడమ కంట్లో రక్తం దిగింది. షుగరు వల్ల కంటి వెనక సన్నని నరాలు చిట్లుతాయని డాక్టరు చెప్పారు. ఆ కన్ను పోయింది. జనవరిలో కుడి కంట్లోనూ మొదలైంది. ఫిబ్రవరి ఆరున దానికి ఆపరేషన్ చేశారు. కొంత చూపు మిగిలింది. కిటికీలోంచి చూస్తే తెల్లగా అలుక్కుపోయినట్టు ఉండేది కానీ, కాగితాన్ని నాలుగంగుళాల దూరంలో పెట్టుకుని భూతద్దంతో చూస్తే ఉత్తరాలు చదవగలిగేవారు. మళ్ళీ రక్తం దిగితే ఇక చేయగలిగింది ఏమీ లేదన్నారు డాక్టరు. వంగకూడదు, బరువు ఎత్తకూడదు, మంచు మీద నడవకూడదు. పడుకున్నా తల ఎత్తులోనే ఉండాలి.

ఆ ఏడు మంచు చాలా కురిసింది. మా వీధిలో రెండు పక్కలా తోసిన మంచు గుట్టలు నా భుజాల దాకా వచ్చాయి. ఆయన ముందు గదిలో సోఫా మీద మూడు దిళ్ళు పెట్టుకుని కూర్చునేవారు. దుంపల సంగతి ఎవరమూ ఎత్తలేదు. మార్చి మూడు రాత్రి భోజనాల దగ్గర ఆయనే ఎత్తారు.

"అవి లేచే టైమ్ అవుతోంది. నేను చూడాలి."

"మొదటి పువ్వు కోసుకొచ్చి చేతికిస్తాను. దగ్గర పెట్టుకుని చూద్దురు గాని," అన్నాను.

"కోస్తే పువ్వే కనిపిస్తుంది. పువ్వుదేముంది, దుకాణంలో దొరుకుతుంది. అది నేల పగలదీసుకుని ఎలా వస్తుందో నాకు కావాలి. మంచు కరగడం దగ్గర్నుంచి వరసగా ఫోటోలు తీసి పెట్టు."

"సరే."

"వంగి తీయాలి సుమా. ఆ పని నాకు నిషేధం," అన్నారు నవ్వుతూ.

కెమెరాలో రీలు ఉంది. ముప్పై ఆరింటిలో దీపావళికి, అమ్మాయి పుట్టినరోజుకి కలిపి పన్నెండు అయ్యాయి. ఇరవై నాలుగు మిగిలాయి. పదమూడోది మార్చి నాలుగున తీశాను: చూరు నుంచి వేలాడే మంచు కడ్డీ, దాని కొసన నీటి చుక్క. పద్నాలుగు: గరాజ్ గోడ మొదట్లో అరచేయంత నల్లటి నేల. పదిహేడు: రాబిన్ పిట్ట, కొంచెం మసకగా. పంతొమ్మిది: మేపుల్ కొమ్మ మీద ఎర్రటి మొగ్గలు. మార్చి ఇరవై రెండున ఇరవై నాలుగోది: మట్టిలోంచి గోరంత ఆకుపచ్చ ముల్లు. దానికోసం తడి నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఒక్క దృశ్యానికి ఒక్క ఫోటోనే. ఊపిరి బిగబట్టి మరీ నొక్కేదాన్ని. సాయంత్రం ఆయన పక్కన కూర్చుని ఆ రోజు ఏం తీశానో పుస్తకంలో చూసి చెప్పేదాన్ని.

మార్చి నెలాఖరులో ఉగాది వచ్చింది. పంచాంగం ప్రకారం వసంతం మొదలైంది. వీధి మలుపులో నల్లబడ్డ మంచు గుట్ట ఇంకా ఉంది. వేపపువ్వు దొరక్క పచ్చడిలో మెంతులు వేయించి పొడి చేసి కలిపాను. ఆయన గిన్నెలో బెల్లం వేయలేదు.

"నా సంవత్సరంలో తీపి కట్ చేశావా? చేదు మాత్రం ఫుల్లుగా ఉంది," అన్నారు.

"షుగర్ నూట ఎనభై ఉంది పొద్దున."

"సరే, నీ లెక్క నీది. రీలులో ఎన్ని అయ్యాయి?"

"ఇరవై తొమ్మిది."

"ఇంకా ఏడు," అన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రీళ్ళు కడగడానికి డ్రగ్‌స్టోర్‌లో, అంటే మందుల షాపులో, ఇచ్చేవాళ్ళం; రీలు పూర్తికాకుండా ఇవ్వడం ఆ రోజుల్లో మాలో ఎవరికీ తెలియదు. అప్పటి మనవాళ్ళ ఆల్బమ్‌లు తీసి చూస్తే తెలుస్తుంది. ఒకే రీలులో దీపావళి చీరలు, మంచులో కూరుకుపోయిన కారు, జూలైలో పార్కులో పులిహోర గిన్నె, మూడూ ఉంటాయి. అంతేకాదు, రీలు ఎక్కించేటప్పుడు మొదట్లో పొదుపుగా చుడితే చివర ముప్పై ఏడోది కూడా దక్కుతుంది. ఇళ్ళకు వచ్చిన స్నేహితులకు ఈ సంగతి గొప్పగా చెప్పుకునేవాళ్ళం. నాకు నేర్పింది ఆయనే.

క్రోకస్ విచ్చిన రోజు సాయంత్రం అమ్మాయి బడి నుంచి వచ్చి పెరట్లోకి పరుగెత్తి చూసి వచ్చింది. ఊదా రంగు పువ్వు, లోపల నారింజ రంగు కేసరం.

"అమ్మా, ఫ్లవర్ వచ్చింది కదా. రేపు స్కూల్ అయ్యాక డ్రగ్‌స్టోర్‌కి వెళ్దామా?"

"ఇంకా మూడున్నాయి."

"వాల్‌ని మూడు తీసేయ్."

"గోడకి ఫోటో ఏమిటే?"

"నాన్న వెయిట్ చేస్తుంది."

సోఫాలోంచి ఆయన అందుకున్నారు. "చేస్తుంది కాదే, చేస్తాడు. మీ అమ్మ ముప్పై ఏడు లాగుతుంది, చూస్తూండు."

ఆ మాటలో మెచ్చుకోలు ఉందనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. కాకపోతే, ఆ మాటన్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో చూడలేదు. చపాతీ పెనం మీద ఉంది.

ముప్పై నాలుగు ఏప్రిల్ నాలుగున తీశాను: ఐదు పువ్వులు ఒక్కచోట. ముప్పై ఐదు ఆరో తేదీన. ముప్పై ఆరు శనివారం ఏడున: డాఫొడిల్ మొగ్గ తల వంచింది. మీట మెల్లగా తిప్పి చూశాను. కదిలింది. ముప్పై ఏడోది ఉంది. ఆదివారం పొద్దున్నించి చలివాన పడింది, తీయడానికి వెలుతురు లేదు. సోమవారం తొమ్మిదిన డాఫొడిల్ మొగ్గ చీలి పసుపు కనిపించింది. అది తీసి, రీలు వెనక్కి చుట్టి, మధ్యాహ్నం డ్రగ్‌స్టోర్‌లో ఇచ్చాను. గురువారం రమ్మన్నారు.

బుధవారం పదకొండు. ఉదయం ఏడూ ఇరవైకి ఆయన కాఫీ తాగుతున్నారు.

"కాఫీలో నలక పడిందా చూడు."

చూశాను. "ఏం లేదండీ."

కప్పు ముఖానికి దూరంగా పెట్టి, గోడ వైపు తిరిగి చూశారు. మళ్ళీ కప్పులోకి చూశారు.

"అయితే అది కాఫీలో లేదు," అన్నారు.

కప్పు జాగ్రత్తగా సాసర్‌లో పెట్టారు. ఒక్క చుక్క ఒలకలేదు. పదింటికి పొగలా అయింది. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఎర్రటి తెర. ఆ సాయంత్రానికి దీపం వెలిగిందో లేదో తప్ప ఏమీ తెలియలేదు. తనంతట తగ్గుతుందేమో కొన్ని నెలలు చూద్దామన్నారు డాక్టరు. తగ్గలేదు.

గురువారం ఫోటోలు తెచ్చాను. తేవాలా వద్దా అని రోడ్డు మీద ఆలోచించలేదు. కవరు చప్పుడు విని ఆయనే అడిగారు.

"వచ్చాయా? వరసలో పెట్టు."

పదమూడు నుంచి బల్ల మీద పరిచాను. ఆయన మొదటిది తీసుకుని, భూతద్దం అడిగి, కిటికీ వైపు తిరిగి కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకున్నారు. అలా మూడు ఫోటోలు చూశారు. నాలుగోది కింద పెట్టేశారు.

"చీకటి కాదు, తెలుసా? ఇటుక రంగు. అన్నీ ఇటుక రంగే," అన్నారు. "నువ్వు చదువు."

పుస్తకం తీసి చదివాను. ఆయన మధ్యలో ఆపలేదు. చివర్లో మాత్రం అడిగారు.

"ముప్పై మూడు ఎలా వచ్చింది?"

"బాగా వచ్చింది. అంచులు కూడా స్పష్టంగా ఉన్నాయి."

"ముప్పై ఏడు?"

"సగం వచ్చింది. మిగతా సగం రీలు చివర కత్తిరింపులో పోయింది."

"సగమా," అన్నారు.

క్రోకస్ విచ్చిన సోమవారమే రీలు ఇచ్చి ఉంటే గురువారం ఐదున ఫోటోలు చేతికొచ్చేవి. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. ఆరు రోజులు. ఎలా కూడినా ఆరే వస్తుంది.

శనివారం పద్నాలుగున ఆయన ఉన్నట్టుండి, "ఇక వంగొచ్చు కదా," అన్నారు. డాక్టరు చూద్దామన్నా, కాపాడటానికి ఇంకేమీ లేదని మా ఇద్దరికీ తెలుసు. నేను ఒక చెయ్యి, అమ్మాయి ఒక చెయ్యి పట్టుకుని మెట్లు దింపాం. గరాజ్ గోడ దగ్గర ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, మట్టి మీద చేతులు పెట్టారు. అప్పటికి క్రోకస్‌లు అయిపోయాయి. వానకి వాడి, తడి కాగితంలా నేలకి అంటుకుపోయాయి. ఆయన వేళ్ళకి అవే తగిలాయి.

"ఇవేనా?"

"అవే."

"నలభైలో ఎన్ని లేచాయి?"

"పద్నాలుగు."

"మిగతావి?"

"ఉడుతలు తినేసినట్టున్నాయి."

అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుని డాఫొడిల్ మీదికి తీసుకెళ్ళబోయింది. "నాన్నా, ఇది యెల్లో, ఇది ఇంకా ఉంది," అంది. ఆయన ఒకసారి ముట్టుకుని చెయ్యి తీసేసుకున్నారు. పైకి లేవడానికి నా భుజం ఆసరా ఇచ్చాను. ఆయన మోకాళ్ళకి అంటిన మట్టి తడి గుడ్డతో తుడిచాను.

ఆ తర్వాత ఆయన ఎనిమిదేళ్ళు బతికారు. దుంపల మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అవి మాత్రం ఏటా వచ్చేవి, ఏటా తక్కువగా.

1980 ఏప్రిల్‌లో మొదటి పువ్వు వచ్చిన రోజు కెమెరా తీశాను. లోపల కొత్త రీలు. నాలుగు ఫోటోలు తీసి, రీలు వెనక్కి చుట్టి, అప్పటికప్పుడే డ్రగ్‌స్టోర్‌కి వెళ్ళాను. కవరు మీద ఎన్ని తీశారో రాయమన్నారు. నాలుగు అని రాశాను. కౌంటర్ దగ్గరాయన చూసి, ఇంకా ముప్పై రెండు మిగిలాయి, పొరపాటున చుట్టేసినట్టున్నారు అన్నాడు.

తెలుసు, కడగండి అన్నాను.

ఫోటోలు గురువారం వచ్చాయి. నాలుగూ బాగా వచ్చాయి. ఇంటికి తెచ్చి కవరు వంటింటి సొరుగులో పెట్టి, ఆయనకి కాఫీ కలిపాను.