మూడు ఫైళ్లలో ఒకటి ఉంచాను

మా పక్క క్వార్టర్‌లో ఉండే రాజయ్య కాక నిన్న బొగ్గు బాయి పని నుంచి రిటైరయ్యాడు. దండలు వేసి, డప్పులతో బాయి గేటు నుంచి ఇంటి దాకా ఊరేగించారు. మందమర్రిలో ఉండే ఆయన అల్లుడు తన యాక్షన్ కెమెరాతో అంతా తీసి, డీవీడీ చేయమని మెమరీ కార్డు నాకిచ్చి వెళ్లాడు.

ఈ పొద్దున చూస్తే ప్రతి వీడియోకూ ఒకే పేరుతో మూడు ఫైళ్లున్నాయి: ఎంపీ4, ఎల్ఆర్‌వీ, టీహెచ్ఎం. నేను ఆఫీసు గుమాస్తాను. ఒకే కాగితానికి మూడు కాపీలుంటే ఒకటి ఉంచి మిగతావి చించేయడం అలవాటు. ఎల్ఆర్‌వీ తెరిస్తే వీడియో ఆడింది, పైగా సైజు తక్కువ. దాన్ని కంప్యూటర్లో పెట్టుకుని కార్డు ఖాళీ చేశాను.

సాయంత్రం డీవీడీ చేసి కాక ఇంట్లో టీవీలో వేస్తే బొమ్మంతా మసక. బయటికొచ్చి అల్లుడికి ఫోన్ చేశాను. అసలు వీడియో ఎంపీ4 అట. ఎల్ఆర్‌వీ ఫోన్లో చూసుకోవడానికి కెమెరా చేసే నాసిరకం నకలు. టీహెచ్ఎం ఉత్త ఫొటో.

లోపలికెళ్లేసరికి కాక టీవీకి దగ్గరగా కూర్చున్నాడు.

"గిండ్ల నా మొఖం ఏదిరా?"

"ఇన్నేండ్లు బొగ్గు మసితోని కనవడలే. ఇప్పుడన్న కనవడ్తదనుకుంటే గిట్లాయె," అంది కాక భార్య చిన్నమ్మ.

"కెమెరాకు దుమ్ము వట్టినట్టున్నది. నువ్వు ఫికర్ చెయ్యకు కొడుకా, డప్పు సప్పుడు మంచిగ ఇనవడ్తంది," అన్నాడు కాక.

దుమ్మేనన్నట్టు తలూపాను.

చెరిపిన ఫైళ్లు వెనక్కి తెచ్చే దారి తెలిస్తే చెప్పండి. కార్డును మళ్లీ ముట్టుకోలేదు. ఫైళ్లు రాకపోతే కాకతో ఏమనాలో కూడా మీరే చెప్పండి.