పదిహేడో నంబర్ బిళ్ళ

రాజక్కకు కోపమొస్తే కొంగు నడుముకు చుట్టుకుంటుంది. ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక, మందిరం వెనక గదిలో ఆమె కొంగు నడుముకు చుట్టుకోవడం చూసి సంఘ కార్యదర్శి ప్రేమ్‌సాగర్ కుర్చీని జానెడు వెనక్కి జరుపుకున్నాడు.

"ఏందీ, ఇరవై నాలుగు పేర్లు కొట్టేస్తవా? కలం చేతుల ఉన్నది గదా అని కొట్టేసుడేనా?"

"అక్కా, జర నిమ్మళంగ ఇను. నీ కోసమే గదా నేను చేసేది!"

పాపం, అతను చెప్పింది అబద్ధం కాదు. మంచిర్యాల దగ్గరి ఆ బొగ్గుబాయి కాలనీలో రేకుల కప్పు కింద నడిచే సువార్త సంఘం అది. పైన బిషప్ లేడు, అజమాయిషీ చేసే పెద్దాఫీసు లేదు. పాస్టర్ని పిలుచుకోవాలన్నా, పెద్దల్ని ఎన్నుకోవాలన్నా రిజిస్టర్‌లో పేరున్న సభ్యులే కూర్చుని చేతులెత్తి తేల్చుకోవాలి. నలభై ఏళ్ల కింద బాయి కార్మికులు షిఫ్టు దిగి వచ్చి, బొగ్గు మసి కడుక్కుని రాసుకున్న పన్నెండు పేజీల నిబంధనలు వాళ్లవి. అందులో ఒకటి: పెద్దలు ఐదుగురు, అందరూ పురుషులే.

ఇప్పుడు ఆ ఒక్క మాటను మార్చాలన్నదే గొడవ. మారిస్తే రాజక్కను పెద్దగా నిలబెడదామని సగం సంఘం కాచుకుని ఉంది. కానీ నిబంధన మార్చాలంటే రిజిస్టర్‌లో ఉన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది సమావేశంలో ఉండి తీరాలి. ఉన్నవి తొంభై పేర్లు. కావలసింది అరవై మంది. ఆదివారం ఆదివారం వచ్చేది నలభై నాలుగు. రెండుసార్లు సమావేశం పెట్టారు, రెండుసార్లూ జనం చాలక ప్రార్థన చేసి, టీ తాగి ఇళ్లకు పోయారు. మూడోసారి కూడా చాలకపోతే మూడేళ్ల దాకా ఆ మాటే ఎత్తకూడదు. అదీ ఆ పన్నెండు పేజీల్లోనే ఉంది.

ప్రేమ్‌సాగర్ బుర్ర పాదరసం. ఆరు నెలలు ప్రభువు బల్లకు, అంటే రొట్టె ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకు, రాని సభ్యుల పేర్లు తీసేయవచ్చని ఇంకో నిబంధన పట్టుకున్నాడు. అట్లాంటివాళ్లు ఇరవై నాలుగు మంది. కొట్టేస్తే మిగిలేది అరవై ఆరు. అందులో మూడింట రెండొంతులు సరిగ్గా నలభై నాలుగు! పామూ చస్తుంది, కట్టె విరగదు.

"నీకు లెక్క మంచిగొస్తది ప్రేమ్‌సాగరూ. కానీ గిది ల్యాంప్ రూం లెక్క కాదు" అంది రాజక్క. "రెండు వారాలు టైమియ్యి. నేను పట్టుకొస్త."

"అండ్ల కరుణాకర్ పేరు గూడ ఉన్నది, ఎర్కేనా? ఆడోళ్లు పెద్దలేంది అని లొల్లి చేసి పోయిండు. తెచ్చి మరీ నీ మీద చెయ్యెత్తిపిస్తవా?"

"ఎత్తనీ. ఆని చెయ్యి ఆనిష్టం."

రాజక్క సంగతి తెలియనివాళ్లకు ఇది మొండితనంలా కనిపిస్తుంది. తెలిసినవాళ్లకు కూడా అలాగే కనిపిస్తుందనుకోండి! కానీ దాని వెనక ఇరవై ఆరేళ్ల ఉద్యోగం ఉంది.

ఆమె మొగుడు కొమురెల్లికి ఊపిరితిత్తులు చెడి బాయి పనికి పనికిరాడని తేల్చినప్పుడు ఆమెకు ముప్పై నాలుగేళ్లు. ఆయన బదులు ఆమెకు ల్యాంప్ రూంలో పని ఇచ్చారు. బాయిలోకి దిగే మనిషి కిటికీలో తన నంబరు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. ఆ బిళ్ళను దీపం కొక్కేనికి తగిలిస్తారు. పైకొచ్చి దీపం ఇచ్చేస్తే బిళ్ళ ఇచ్చేస్తారు. షిఫ్టు దిగాక కూడా కొక్కేనికి బిళ్ళ వేలాడుతుందంటే ఒకటే అర్థం: మనిషి ఇంకా లోపలే ఉన్నాడు. రాజక్క అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది గానీ అంకెలు మాత్రం ఆమెకు సొంత చుట్టాలు. ఏ నంబరు ఎవరిదో, ఆ ఎవరి పెళ్లాం పేరేమిటో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

పంతొమ్మిదేళ్ల కింద ఓ వానాకాలం సాయంత్రం. మొదటి షిఫ్టు దిగి గంటయింది. ఒక్క బిళ్ళ మిగిలింది, నాలుగు వందల పన్నెండు. "దీపం యాడనో వడేసి ఇంటికి పోయుంటడు, వచ్చిండని రాసెయ్యి" అన్నాడు పక్కనున్న గుమస్తా. రాజక్క కొంగు నడుముకు చుట్టుకుంది. కిటికీ మూయనంది. మనిషిని చూసిందాకా కదలనంది. ఆమె నోటికి జడిసి నలుగురు బాయిలోకి దిగారు. ఓ మూల కూలిన బొగ్గుపెళ్ల కింద కాలు ఇరుక్కుని, అరవడానికి గొంతు కూడా లేక పడున్నాడు కుర్రవాడు. వాడే ఈ కరుణాకర్. కాలు వంకరపోయింది కానీ ప్రాణం దక్కింది.

అప్పటి నుంచీ రాజక్కకు ఒక్కటే సిద్ధాంతం. బిళ్ళ మిగిలితే మనిషిని వెతకాలి, బిళ్ళను పారేయకూడదు.

మరి పెద్దల గదిలో ఆమెకేం పని అంటారా? పోయిన ఏడాది ఉమారాణి అనే పిల్ల సభ్యత్వానికి వచ్చింది. బాప్తిస్మం ఇచ్చే ముందు పెద్దలు కూర్చోబెట్టి సాక్ష్యం అడుగుతారు, ఎలా నమ్ముకున్నావు, నీ జీవితంలో ఏం జరిగింది అని. ఆ పిల్ల చెప్పాలనుకున్నది మొగుడి తాగుడు గురించి, ఒంటి మీది దెబ్బల గురించి. ఎదురుగా ఐదుగురు మగవాళ్లు బల్ల వెనక వరసగా కూర్చున్నారు. నోరు పెగల్లేదు. "ఇంకో నెలకు చూద్దాం తల్లీ" అన్నారు వాళ్లు, మంచి మనసుతోనే. నెలలు పోతున్నాయి, ఆ పిల్ల మందిరంలోకి రావడం మానేసి గుమ్మం బయట టీ కాచి పోతోంది. ఆ గదిలో ఒక్క ఆడమనిషి కూర్చుని ఉండాలి. రాజక్కకు కావలసింది అంతే. అంతకు ఒక్క అంగుళం ఎక్కువ అక్కర్లేదు, తక్కువైతే ఒప్పుకోదు.

ఇక చూడండి ఆ రెండు వారాలు! అరవై మూడేళ్ల మనిషి కాళ్లకు బలపం కట్టుకుని తిరిగింది. ఆటోలెక్కింది, బస్సులెక్కింది, ఒకసారి గడ్డి ట్రాక్టరు కూడా ఎక్కింది. కరీంనగర్‌లో కూతురి కాన్పుకు వెళ్లిపోయిన ఇద్దరక్కచెల్లెళ్లను దవాఖానా వరండాలోనే పట్టుకుంది. భైంసాలో పత్తి మిల్లు పనికిపోయిన బాలలక్ష్మి చేత మాట తీసుకుంది. ఎనభై ఏళ్ల కొమురవ్వ మంచం పక్కన కూర్చుని గంటసేపు చెప్పింది. అంతా విని కొమురవ్వ, "వస్త బిడ్డా, ఆధార్ కార్డు తేవాల్నా?" అంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఫోన్‌లో చెయ్యెత్తుతామన్నారు. ఫోన్‌లో ఎత్తిన చెయ్యి చెల్లదని ప్రేమ్‌సాగర్ నిబంధన చదివి వినిపించాడు. రాజక్క వాళ్లను వేలు మడిచి పక్కన పెట్టి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకుంది.

ఆసిఫాబాద్‌లో కరుణాకర్ కుట్టుమిషను దుకాణం ముందు ఆగినప్పుడు మాత్రం ఆమె కొంగు నడుముకు చుట్టుకోలేదు. అతను మిషను ఆపలేదు.

"అక్కా, నువ్వు అడిగితే ప్రాణమిస్త. ఓటు మాత్రం ఇయ్య. బైబిల్ వాక్యంల లేదు."

"ఓటెవలు అడిగిన్రు? రా. వచ్చి వద్దని చెయ్యెత్తు. ఇంట్ల కూసోని అలిగితె ఎట్లరా?"

"నా పేరు కొట్టేస్తున్రట గదా?"

"నేనుండంగనా?"

మిషను ఆగింది. అతను దారం తెంపి, ఆ గుడ్డను మడిచి పక్కన పెట్టాడు.

ఆదివారం వచ్చేసింది. ఆరాధన అయింది, పదకొండున్నరకు సర్వసభ్య సమావేశం, పన్నెండుకు తలుపు మూసేలోగా వచ్చినవాళ్లే లెక్క. గుమ్మం పక్కన రాజక్క సొంతంగా చేయించిన చెక్క నిలబెట్టి ఉంది. దానికి తొంభై మేకులు, మేకు మేకుకూ రేకుతో కత్తిరించిన బిళ్ళ, బిళ్ళ మీద రిజిస్టర్ నంబరు. పోయినసారి తలలు లెక్కపెడుతుంటే మధ్యలో టీకి లేచినవాళ్లెవరో, సభ్యులు కానివాళ్లెవరో తెలియక లొల్లి లొల్లి అయింది. ఈసారి ఆ బాధ లేదు. వచ్చినవాడు తన బిళ్ళ తీసుకుని లోపల కూర్చోవాలి. చెక్కకు మిగిలిందల్లా రానివాళ్లది. ముప్పైకి మించి మిగలకూడదు.

అబ్బ, ఏం సందడి! కొమురవ్వను కుర్చీతో సహా ఆటోలోంచి దించారు, ఆధార్ కార్డు చేతిలోనే ఉంది. కరీంనగర్ అక్కచెల్లెళ్లు చంటిబిడ్డతో దిగారు. రాజక్క నంబరు పిలుస్తోంది, బిళ్ళ తీస్తోంది, చేతిలో పెడుతోంది. "నలభై ఒకటి, పో లోపలికి! అరవై ఆరు, నీ మొగడేడే? డెబ్భై, వందనాలు తమ్మీ, బక్కచిక్కినవ్!" పాత కిటికీ దగ్గర మళ్లీ కూర్చున్నట్టుంది ఆమెకు. ఒళ్లంతా సంతోషం.

పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా వంకర కాలు ఈడ్చుకుంటూ గేటు దాటి వచ్చాడు కరుణాకర్. రాజక్క బిళ్ళ ఇచ్చింది. అతను కళ్లు కలపకుండా తీసుకుని చివరి బెంచీలో కూర్చున్నాడు.

అయ్యగారు, అంటే పాస్టరు, గడియారం చూసి తలుపు మూయించారు. ప్రేమ్‌సాగర్ చెక్క దగ్గరికి వచ్చి వేలితో లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ముఖం మాడిపోయింది.

"ముప్పై ఒకటి మిగిలినయ్. లోపలున్నది యాభై తొమ్మిది."

ఒక్కరు! మందిరం మొత్తం ఉసూరుమంది. రాజక్క కిటికీ దగ్గరికి పరుగెత్తింది. బాలలక్ష్మి రాలేదు. నిర్మల్ దగ్గర బస్సు టైరు పేలిందని అంతకుముందే ఫోన్ చేసింది. అయినా రోడ్డు మీద దుమ్ము లేస్తే చాలు, రాజక్క కళ్లు అటే పోతున్నాయి. ఒక్క మనిషి, మూడేళ్లు. మూడేళ్లకు తనకు అరవై ఆరు. ఆ పిల్ల ఉమారాణి అప్పటిదాకా టీ కాస్తూనే ఉంటుందా? ఆమెకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ప్రేమ్‌సాగర్ గొంతు తగ్గించి అన్నాడు: "గా రోజే కొట్టేసుంటే అయిపోతుండె గదా అక్కా."

అయ్యగారు ముగింపు ప్రార్థనకు లేచారు. జనం తలలు వంచబోతున్నారు. అప్పుడు చివరి బెంచీ నుంచి టక్, టక్ మని అడుగులు. కరుణాకర్ లేచి చెక్క దగ్గరికి వెళ్లాడు. మిగిలిన బిళ్ళలను ఒక్కొక్కటే చూస్తూ ఒకచోట ఆగి, ఒక బిళ్ళ తీశాడు.

"కార్యదర్శి గారూ, పదిహేడు ఎవలది?"

ప్రేమ్‌సాగర్ రిజిస్టర్ తెరిచాడు. వేలు జరిగింది. ఆగింది.

"రాజక్కది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక రేకుల కప్పు ఎగిరిపోతుందేమో అన్నంత నవ్వు, చప్పట్లు, స్తోత్రాలు! ఇరవై ఆరేళ్లు వేల మందికి దీపాలిచ్చి బిళ్ళలు తీసుకున్న మనిషి. బాయిలోకి దిగే పని లేదు కనుక తనకంటూ ఒక బిళ్ళ ఎన్నడూ లేదు. తొంభై మందిని లెక్కపెట్టింది, తాను లెక్కలోకి వస్తానన్న ధ్యాసే లేకపోయింది. కొమురవ్వ అయితే ఆధార్ కార్డు ఊపుతూ, "ఓసి పిచ్చిదానా, నీ పేరే మర్సినవానే!" అని బోసినోటితో ఒకటే నవ్వు.

అరవై! ప్రేమ్‌సాగర్ రాసుకున్నాడు. అయ్యగారు సమావేశం తెరిచారు. నిబంధన చదివారు. చేతులు లేచాయి. అవునన్నవి నలభై రెండు. వద్దన్నవి పద్దెనిమిది, అందులో కరుణాకర్ చెయ్యి అందరికంటే పైన, నిటారుగా. సగానికి పైగా ఒప్పుకుంటే చాలు. నిబంధన మారింది! బయట ఉమారాణి టీ గ్లాసులు వదిలేసి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. లోపలికి తొంగి చూస్తున్న ఆ ముఖాన్ని చూశాక రాజక్క ఉన్నచోటే బెంచీ మీద కూర్చుంది.

జనం టీలకు కదిలాక కరుణాకర్ వంకర కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. పదిహేడో నంబర్ బిళ్ళ ఇంకా అతని చేతిలోనే ఉంది.

"ఎత్తినవ్ గదరా చెయ్యి" అంది రాజక్క.

"ఎత్తిన. రేపు మళ్ల అడిగినా ఎత్తుత."

"మరి గమ్మునుంటే అయిపోతుండె గదా? మీటింగే ఆగిపోయేది. నువ్వే గెలుస్తుంటివి."

కరుణాకర్ బిళ్ళను చొక్కాకు తుడిచి ఆమె అరచేతిలో పెట్టాడు.

"బిళ్ళ మిగిలింది గదక్కా" అన్నాడు. "మనిషి లోపలుంటే లేదని ఎట్లంట?"