పాత ప్లీడరు సంతకం

మా సీనియరు గారు పోయారన్న కబురు బార్ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో చూశాను. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. మర్నాడు రాజమండ్రి కోర్టులో సంతాపసభ పెట్టి, ఆయన న్యాయవాదులకు పెద్దదిక్కు అన్నారు. నిజమే. కక్షిదారులకు పెద్దదిక్కని ఎవరూ అనలేదు. ఆ మేరకు సభలో అబద్ధం దొర్లలేదు.

నేను లా పట్టా పుచ్చుకుని వచ్చేనాటికి మా ఇంటా వంటా ప్లీడరు లేడు. జూనియరుగా చేరతానని ఏ గుమ్మం ఎక్కినా ‘ఎవరి తాలూకు?’ అని అడిగారు. ఈయన అడగలేదు. ‘‘మూడేళ్ళు జీతం అడక్కు, నోరు విప్పకు. వినడం వస్తే మాట్లాడ్డం అదే వస్తుందోయ్’’ అన్నారు. దావా రాయడం, సాక్షిని ఎక్కడ ఆపాలో తెలియడం ఆయన పెట్టిన భిక్షే. మధ్యాహ్నం తన క్యారియర్లో పెరుగన్నం సగం నాకు పెట్టేవారు. ఆవకాయ ముక్క మాత్రం తానే ఉంచుకునేవారు.

నేను విడిగా బోర్డు పెట్టుకున్నాక ద్రాక్షారామం వైపు నుంచి ఒక రైతమ్మ వచ్చింది. చేను గట్టు తగాదా. కేసు సీనియరు గారి దగ్గరే ఉంది. ‘‘ఎప్పుడెళ్ళినా మళ్ళీ వాయిదాకి రమ్మంటారండి బాబూ. మీరు చూసి పెట్టండి’’ అంది. మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. కక్షిదారు ప్లీడర్ని మార్చుకోవాలంటే కొత్త వకాల్తా మీద పాత ప్లీడరు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. ఆవిడను వెంటబెట్టుకుని వెళ్ళాను.

ఆయన వకాల్తా వైపు చూడలేదు. ‘‘మన వృత్తి గోదారి దాటించే పంటు లాంటిది, పట్టేంతమందినే ఎక్కించాలోయ్. ఎగబడితే అందరం మునుగుతాం’’ అన్నారు.

‘‘మునిగేది ఈవిడ చేనండి.’’

‘‘చేను ఎక్కడికీ పోదులే.’’

సంతకం పెట్టలేదు. కోర్టును అనుమతి అడుగుతూ దరఖాస్తు వేశాను. అది తేలేలోగా విసిగిపోయి ఆవిడ రాజీపడి గట్టు వదులుకుంది. తరవాత చాన్నాళ్ళు బార్ రూములో నా పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. పంటు నిండిందని చెప్పేది ఎప్పుడూ ఎక్కినవాడే. ఏ దేశపు వృత్తిసంఘాల చరిత్ర చదివినా ఇంతే. గొళ్ళెం పెట్టినవాళ్ళే దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టారు.

పోయినేడు ఆయన మా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. అన్న కొడుకులతో కొబ్బరితోట దావా. ఆయన తరఫున చూస్తున్నది నా తరవాత చేరిన జూనియరు, ఇప్పుడు పెద్ద ప్లీడరు. కేసు కదలడం లేదు.

‘‘నువ్వు చూడవోయ్.’’

‘‘అతని సంతకం అండి?’’

‘‘పెట్టనన్నాడు.’’ నవ్వారు. ‘‘బాగానే నేర్పానోయ్ వాడికి.’’

మళ్ళీ అదే దరఖాస్తు, ఈసారి ఆయన కోసం. అది తేలకుండానే ఆయన పోయారు. తోట ఇప్పటికీ కోర్టులోనే ఉంది.

ఆయన ఉండగా, ఆ దరఖాస్తు మొదటి వాయిదాకి ఆ జూనియరు వచ్చి జవాబు చెప్పుకోవాల్సి ఉంది. సీనియరు గారు ఆవేళ నల్లకోటు లేకుండా వచ్చారు. బార్ రూములో కూర్చోమంటే, ‘‘ఇవాళ నేను పార్టీనోయ్’’ అని వరండాలో కక్షిదారుల బల్ల మీద కూర్చున్నారు. పక్కనున్న ముసలమ్మ, ‘‘మీ ప్లీడరు గారొచ్చారా బాబూ?’’ అని అడిగింది.

‘‘ఇంకా లేదమ్మా’’ అన్నారు. మధ్యాహ్నం దాకా చూసి క్యారియర్ విప్పారు. ఆవకాయ ముక్క తీసి ఆవిడ అన్నం గిన్నె మూతలో వేశారు.