ప్రొఫెసర్‌కు వేసిన ఈల

డెబ్బైల మొదట్లో సంగతి. ఇప్పుడు ఆఫీసు బస్సులు తిరిగే మా గచ్చిబౌలిలో అప్పట్లో బండలూ మేకలే కనిపించేవి. అక్కడి నుంచి పై చదువుకు పశ్చిమ జర్మనీ వెళ్లాను.

మొదటి క్లాసు అయిపోగానే అందరూ బల్లల మీద దబదబా కొట్టారు. మన దగ్గర అలా కొట్టారంటే మాస్టారిని ఏడిపిస్తున్నట్టే! హడలిపోయి పక్కనున్న యాదగిరిని చూశాను. అతనిది జీడిమెట్ల. పరీక్ష తప్పి మళ్లీ అదే క్లాసులో కూర్చున్నాడు.

"పరేషాన్ గాకు. పాఠం మంచిగుందని ఈడ గిట్ల బల్ల కొడతరు," అన్నాడు.

వారం చివర లెక్కల ప్రొఫెసర్ బోర్డు నిండా రాసి, అద్భుతంగా పాఠం ముగించాడు. అంత పాఠానికి బల్ల కొడితే ఏం సరిపోతుందని నోట్లో రెండు వేళ్లు పెట్టి, మా గుట్టల మీద మేకల్ని మళ్లించే ఈల వేశాను.

హాలంతా నా వైపు తిరిగింది.

"ఏంది నీ లొల్లి! ఈడ ఈల ఏస్తే పాఠం తప్పన్నట్టురా!" అని గొణిగాడు యాదగిరి.

ప్రొఫెసర్ ముఖం ఎర్రబడింది. బోర్డు వైపు తిరిగి, రాసినదాని మీద వేలు జరుపుతూ మొదటి నుంచి చదవసాగాడు. నేను మనసులోనే పెట్టె సర్దేసుకున్నాను. ఉన్నట్టుండి ఆయన చెయ్యి ఆగింది. ఒకచోట మైనస్ గుర్తు వదిలేశాడట! అది దిద్ది, తల వంచి నాకు కృతజ్ఞతలు చెప్పాడు. ఈసారి బల్లలు నాకోసం మోగాయి.

"ఇగ నోరు తెరువకు," అన్నాడు యాదగిరి.

తెరవలేదు. క్లాసులో నా అంత మేధావి లేడన్న పేరు పరీక్ష ఫలితాలు వచ్చేదాకా చెక్కుచెదరలేదు. ఆ మార్కులు చూసి ఎవరూ ఈల వేయలేదు, అదే పదివేలు.