ఆయన ఎడమకాలు

ఢిల్లీ సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఇప్పటికీ ఒక కథ చెప్పుకుని నవ్వుతారు. మా కింది వాటాలో ఉండే ఆయన నా దగ్గర కారు కొని, రెండు నెలల్లో క్లచ్ తగలేశాడని. ఆ కథ పుట్టించింది నేను. అది అబద్ధం.

ఎనభైల మొదట్లో మాట. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నా కారు ఇంజను గోల పెట్టేది గాని వేగం పెరిగేది కాదు. కరోల్ బాగ్ మెకానిక్ హ్యాండ్‌బ్రేకు బిగించి, టాప్ గేరు వేసి, క్లచ్ మెల్లగా వదిలాడు. ఇంజను ఆగిపోవాలి. ఆగలేదు. "ప్లేట్ ఖతమ్, బాబూజీ" అన్నాడు. ఇంజను బలాన్ని చక్రాలకు అందించే ప్లేటు అరిగిపోయి జారుతోందట. చదును రోడ్డు మీద కొన్నాళ్లు నెట్టుకురావచ్చు, ఎత్తు వస్తే దొరికిపోతుంది అన్నాడు.

ఢిల్లీ అంతా చదునే కదా అనుకున్నాను.

కింది వాటా ఆయనకు నలభై దాటాక కారు మీద మనసు పడింది. నా బండి ఇస్తాను, నడపడం కూడా నేనే నేర్పుతానన్నాను. ట్రయల్‌కి ఇండియా గేటు వైపు తీసుకెళ్లాను. "కొత్త ఫ్లైఓవర్ ఎక్కిద్దామా గురువుగారూ?" అని ముచ్చటపడ్డాడు. "అక్కడ ట్రాఫిక్ అండీ" అని బండి పక్కకు తిప్పేశాను.

బండి కొన్న రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. డ్రైవరు సీట్లోకి ఎవరికైనా ఎడమకాలే ముందు వెళుతుంది. వాళ్లావిడ కుడికాలు పెట్టి ఎక్కమంది. ఆయన ఒళ్లంతా వంకర్లు తిప్పి చూసి, చివరికి ఎడమకాలే పెట్టి ఎక్కాడు. అందరం నవ్వాం.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే నా తలుపు కొట్టాడు. "బండి ఎత్తు ఎక్కనంటోంది. మీరొకసారి చూడండి." కిందికి వెళ్లేసరికి చుట్టుపక్కలవాళ్లు చేరారు. వాళ్లావిడ అంది: "సైకిలు మీద గ్యాస్ సిలిండరు తేవడం రాదు, ఈయనకి కారొకటి! నిజం చెప్పండి అన్నయ్యగారూ, ఈయన పాడుచేశారా, బండే అంతేనా?"

సీట్లో కూర్చున్నాను. హ్యాండ్‌బ్రేకు, టాప్ గేరు, క్లచ్ వదలడం. ఇంజను ఆగలేదు. కాలిన జుట్టూ మాడిన రబ్బరూ కలిసినట్టు కంపు లేచింది. నాకు ఎప్పుడో తెలిసిన జవాబుకి మళ్లీ పరీక్ష పెట్టినట్టు నటించాను. దిగి, రుమాలుతో చేతులు తుడుచుకుని, "క్లచ్ మీద కాలు ఆన్చి నడుపుతున్నారండీ. ఎడమకాలు బరువు" అన్నాను.

"అచ్ఛా! ఆ రోజు పెట్టిన ఎడమకాలేనా!" అన్నారెవరో. గొల్లున నవ్వారు.

"చెప్పానా!" అంది ఆవిడ.

ఆయనా నవ్వాడు. "నాకు తెలియకుండానే పెడుతున్నానేమో" అన్నాడు. పెట్టేవాడు కాదు. గేరు మార్చగానే కాలు తీసి పక్కన పెట్టేవాడు. నేర్పింది నేను, పక్కన కూర్చుని రోజూ చూసింది నేను.

ప్లేటు కొత్తది వేయించాడు. బండి బాగానే నడిచింది, పాడయింది ఆయన. ఎడమకాలు మడిచి సీటు కిందికి లాక్కుని నడిపేవాడు. క్లచ్ కావలసినప్పుడు ఆ కాలు వెతుక్కున్నట్టు ముందుకు వచ్చేది. సిగ్నళ్ల దగ్గర బండి ఆగిపోయేది, వెనక హారన్లు. వాళ్లావిడ కారెక్కడం మానేసింది. ఏడాది తిరక్కుండా కారు అమ్మేసి మళ్లీ బస్సు పట్టాడు. అమ్మేటప్పుడు, కొనేవాడికి బండి లోపాలన్నీ ముందే చెప్పాడట.

మొన్న చలికాలంలో నోయిడాలో పెళ్లికి ఆయన్ని నా కొత్త కారులో తీసుకెళ్లాను. యమున వంతెన ఎక్కుతూ నేను క్లచ్ నొక్కిన ప్రతిసారీ, పక్క సీట్లో ఆయన ఎడమకాలు వెనక్కి లాక్కుంటున్నాడు.

"ఏమిటండీ అది?" అన్నాను.

"అలవాటైపోయింది గురువుగారూ. మీ బండి కూడా ఎక్కడ పాడుచేస్తానో అని" అని నవ్వాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. నేనూ నవ్వాను.