క్లారా అన్న మాట

ఆరిన్ కెసెల్ మితభాషి. నెబ్రాస్కాలో పశువుల వేలం పాడే అతని తండ్రి ఒక్క ఊపిరిలో నలభై మాటలు దొర్లించేవాడు. కొడుకు ఆ నలభైనీ ఏడాది పొడుగునా సరిపెట్టుకుంటాడని తోటి పైలట్ల ఎగతాళి. విచిత్రమేమంటే ఆ మితభాషణమే అతనికి వృత్తి అయింది. విమానవాహక నౌక వెనుక అంచున, ఎడమ పక్క, కింద వల కట్టిన చిన్న వేదిక మీద నిలబడి, దిగివచ్చే ప్రతి విమానాన్నీ చివరి పదిహేను సెకన్లపాటు కనిపెట్టుకొని ఉండడం అతని పని. పూర్వం ఆ పని చేసినవారు చేతుల్లో తెడ్ల వంటివి ఊపేవారు. అందుకే నేటికీ ఆ స్థానంలో నిలిచినవాణ్ని పాడిల్స్ అనే పిలుస్తారు.

ఆ పదిహేను సెకన్లకు ఒక మర్యాద ఉంది. విమానం ముప్పావు మైలు దూరానికి వచ్చేదాకా నౌక గర్భంలోని కంట్రోలర్ దారి చెబుతాడు. ఆపైన "బంతి చెప్పండి" అని మౌనం వహిస్తాడు. సరైన ఎత్తులో దిగుతున్నదీ లేనిదీ చూపుతూ డెక్కు పక్కన వెలిగే పసుపు దీపమే బంతి. అది కనబడిన పైలటు తన అంకె, విమానం పేరు, బంతి, మిగిలిన ఇంధనం వరుసగా పలుకుతాడు. కనబడనివాడు అనవలసింది ఒక్కటే మాట: "క్లారా." అందులో దోషమేమీ లేదు. అయినా ఆ మాట అనడమంటే పైలట్లకు తల కొట్టేసినట్టుంటుంది.

ఆ మార్చి ఉదయం అట్లాంటిక్ మీద పొగమంచు కమ్మి, ఎండ తగిలి కళ్లు చెదిరేంత తెల్లగా ఉంది. ఏడుగురు దిగారు. వారిలో ఇద్దరు క్లారా అన్నారు. తక్కినవారు ఆ మాట అనలేక ఆగి, అర మైలు లోపలికి వచ్చాకనే బంతి పలికారు. ఇక మిగిలింది స్క్వాడ్రన్ అధిపతి కమాండర్ లిండ్‌గ్రెన్.

"మూడు వందల ఒకటి, హార్నెట్, బంతి, మూడు పాయింట్ ఆరు." ముప్పావు మైలులోనే పలికాడాయన.

పక్కన పుస్తకం పట్టుకొని, దిగిన తీరుకు మార్కులు రాస్తున్న తోటి పైలట్ రాట్‌లిఫ్ నవ్వాడు. "పెద్దాయనవి గద్ద కళ్లురా!"

"ఈ మంచులో గద్దకైనా ఆనదు. ఆగు, అప్పుడే రాయకు."

విమానం కిందికి జారుతోంది. దీపం చూసేవాడు అలా జారడు. "పవర్," అన్నాడు కెసెల్ రేడియో ఫోనులో, ఇంజను జోరు పెంచమని. "పవర్, పవర్!" చేతిలోని మీట నొక్కాడు. దిగవద్దని చెప్పే ఎర్ర దీపాలు వెలిగాయి. విమానం వారి తలల మీదుగా గర్జించి మళ్లీ మంచులో కలిసిపోయింది.

మిగిలిన ఇంధనం ఇంకొక్క ప్రయత్నానికే సరి. తీరం మూడు వందల మైళ్లు. గాలిలో ఇంధనం పోసే విమానం ఇందాకనే దిగిపోయింది. ఇదీ తప్పితే సీటుతో సహా ఎగిరి, గడ్డకట్టే నీళ్లలో పడడమే.

కెసెల్ నోటితోనే దింపగలడు. కానీ లేని దీపాన్ని ఉన్నదనుకొని దాని వెంట పోయేవాడు చెప్పే మాట వినడు. ముందు తనకు బంతి కనబడలేదని ఆయన ఒప్పుకోవాలి.

"ఒప్పుకోమని అడుగుతావా ఏంటి?" అన్నాడు రాట్‌లిఫ్. "వచ్చే నెల నీ రిపోర్టు రాసేది ఆయనేరా బాబూ."

"రాయడానికి ఆయన ఉండాలిగా."

కెసెల్ మళ్లీ ఫోను ఎత్తాడు. ఆ మాటలు నౌకలో స్పీకరున్న ప్రతి గదిలోనూ వినబడతాయి.

"మూడు వందల ఒకటి, పాడిల్స్. ఇందాక ఏడుగురిలో ఒక్కరికీ ముప్పావు మైలులో బంతి దొరకలేదు. ఈసారి చూసిందే చెప్పండి, సర్."

లిండ్‌గ్రెన్ గొంతు ముక్తసరిగా, "విన్నాను."

విమానం తిరిగి వచ్చింది. కంట్రోలర్ "బంతి చెప్పండి" అని ఊరుకున్నాడు. ఒక సెకను గడిచింది. రెండో సెకను కూడా.

"మూడు వందల ఒకటి. క్లారా."

"నాకు కనబడుతున్నారు, సర్. ఎత్తు సరిగ్గానే ఉంది. కొంచెం కుడికి. చాలు. జారుతున్నారు, పవర్. బాగుంది. అలాగే రండి."

డెక్కు అంచు చేరుతుండగా లిండ్‌గ్రెన్ గొంతు గబుక్కున అంది: "బంతి!"

"రోజర్, బంతి."

తోక కొక్కెం, విమానాన్ని ఆపడానికి డెక్కుకు అడ్డంగా కట్టిన తీగల్లో మూడోదాన్ని అందుకొంది.

దిగిన ప్రతివాడికీ పాడిల్స్ వచ్చి, అందరి ఎదుటా మార్కు చదివి వినిపిస్తాడు. ఎంతటి హోదా గలవాడైనా ఎదురాడకూడదు. కెసెల్ పైలట్ల గదిలో పుస్తకం తెరిచాడు.

"మొదటిది. చూడని బంతి చూశానన్నారు. కట్."

అది అన్నిటికంటె కింది మార్కు. లిండ్‌గ్రెన్ చేతి తొడుగులు విప్పుతూ, "రెండోదో?" అన్నాడు.

"ఓకే, సర్." అది మంచి మార్కు.

"దింపింది నువ్వయితే నాకెందుకయ్యా ఓకే?"

"క్లారా అన్నది మీరే కదా, సర్."

"ఇరవై రెండేళ్లలో ఆ మాట అనడం ఇదే మొదలు."

"ఎలా ఉంది సర్?" వెనుక వరుస నుంచి రాట్‌లిఫ్ ఉండబట్టలేక అడిగాడు.

"చేదుగా ఉంది. ఓ కప్పు కాఫీ పొయ్యి. కెసెల్, మధ్యాహ్నం ఎగిరేవారి జాబితాలోంచి నా పేరు కొట్టెయ్యి, డాక్టరుకు కళ్లు చూపించుకోవాలి."

రాట్‌లిఫ్ కప్పు కోసం వెళ్లాడు. కెసెల్ జాబితా అందుకొని ఆ పేరు కొట్టేశాడు.