ఆర్డిస్ ఖాళీ చేసిన అల్మరా

ముందే ఒప్పేసుకుంటాను. ఆర్డిస్ హ్యూగ్‌దాల్ తన ఇంటి ముందు పెట్టిన అట్టపెట్టెలో మొదటి దొంగ హ్యాంగర్ వేసిన చెయ్యి నాదే. ఒకటి కాదు, ఆరు. నల్లవి, భుజాల దగ్గర మెత్తటి గుడ్డ అతికించినవి. పొద్దున్నే కుక్కను తిప్పడానికి వెళ్తూ, అటూ ఇటూ చూసి, చప్పుడు కాకుండా పెట్టెలో పెట్టి వచ్చేశాను. ఇల్లు కొంచెం తేలికైనట్టు కూడా అనిపించింది.

ఆర్డిస్‌ది మా ఎదురిల్లు. వయసు డెబ్బై ఒకటి. మిన్నెసోటాలో మా ఊరికి ఉన్న ఒకే ఒక్క డ్రైక్లీనింగ్ షాపులో ముప్పై మూడేళ్ళు కౌంటర్ దగ్గర నిలబడింది. ఎవరి నడుము ఏ ఏడు ఎంత పెరిగిందో ఆవిడకు తెలుసు, ఎవరికీ చెప్పదు. షాపు మూసేసిన రోజున యజమాని, "ఈ హ్యాంగర్లన్నీ చెత్తలో పడేస్తే చూడ్డానికి నీకు కష్టంగా ఉంటుందేమో ఆర్డిస్" అన్నాడట. తీసుకుపొమ్మని అర్థం. మా వైపు ఎవరూ ఏదీ తిన్నగా అడగరు. ఏదైనా ఇస్తే రెండుసార్లు వద్దని మూడోసారి తీసుకోవడం మా మర్యాద. ఆర్డిస్‌కు ఆ రెండుసార్లు అనడం కూడా చేతకాదు. "ఇంకా బాగానే ఉన్నాయిగా" అంది. ఆ రోజు ఆవిడ వ్యాను షాపుకూ ఇంటికీ మధ్య నాలుగుసార్లు తిరిగింది.

అవన్నీ వెనకగదిలో ఉన్న గోడ అల్మరాలో చేరాయి. తలుపు తీస్తే కడ్డీ కనపడదు, కింద నేల కనపడదు. తీగ హ్యాంగర్లు ఒకదాని మెడలో ఒకటి వేలు పెట్టి బిగుసుకుపోయి, ఒకటి లాగితే నలభై బయటికి వచ్చేవి.

అక్టోబరు మొదట్లో ఒక సాయంత్రం నేను ఆర్డిస్ వంటింట్లో కాఫీ తాగుతుండగా ఆవిడ చెల్లెలు లవోన్ ఫోన్ చేసింది. లవోన్‌కు తుంటి ఆపరేషన్ అయింది. ఫార్గోలో తనుండే మూడో అంతస్తు మెట్లు ఇక ఎక్కలేదు. అయితే అక్క దగ్గరికి, లేదా ఆరిజోనాలో అన్న కొడుకు రోలండ్ దగ్గరికి. ఆర్డిస్‌కు చెవి సరిగా వినపడదు కాబట్టి ఫోన్ బల్ల మీద పెట్టి అందరికీ వినిపించేలా మాట్లాడుతుంది. నేను లేచి వెళ్ళిపోవలసింది. వెళ్ళలేదు.

"వస్తానే ఆర్డిస్. కానీ ఒక అల్మరా నాదంటూ ఉండాలి. పోయినసారి ఏం చేశావు? నాలుగు రోజులూ పెట్టెలోంచి గౌన్లు తీసుకుని వేసుకున్నాను. ముడతలు చూసి మీ చర్చిలో వాళ్ళు నాకు జ్వరమా అని అడిగారు."

"ఈసారి ఖాళీ చేస్తానే."

"పోయినసారీ అదే అన్నావు. చిన్నప్పుడూ అంతే. తలుపు వెనక ఒక్క మేకు, దానికి నీ కోటు పైన, నా కోటు కింద. ఎనిమిదేళ్ళు నా కోటుకు గాలి తగల్లేదు తెలుసా?"

"నేను పెద్దదాన్ని కదే."

"ఇప్పటికీ పెద్దదానివే. అందుకే నీ మాట నమ్మను. రోలండ్ టిక్కెట్టు కొంటానంటున్నాడు, నెలాఖరు దాకా ఆగమన్నాను. ఖాళీ అల్మరా ఫోటో పంపు. అది చూస్తే మీ ఇంటికి, లేదంటే ఎడారికి."

ఫోన్ పెట్టేశాక ఆర్డిస్ నా కప్పులో అడక్కుండానే కాఫీ పోసి, "దానికి ఎండ పడదు జోలీన్. ఒళ్ళంతా దద్దుర్లు" అంది. అంతే. కానీ ఆ మాట అనేటప్పుడు ఆవిడ దవడ బిగుసుకోవడం చూశాను. షాపులో మొండి మరకను చూసినప్పుడు అలాగే బిగుసుకునేది.

మర్నాడే వీధి వార పెద్ద అట్టపెట్టె, దాని మీద నల్ల సిరాతో "ఉచితం", లోపల సగం దాకా ఆవిడ హ్యాంగర్లు. తెల్లారేసరికి అది నిండుగా ఉంది. చెయ్యి పెట్టగానే ఆర్డిస్‌కు తెలిసిపోయింది, తనవి కానివి చేరాయని. ముప్పై మూడేళ్ళు హ్యాంగర్లు పట్టుకున్న చెయ్యి అది. గులాబీరంగు పిల్లల హ్యాంగర్లు, లాగుల కోసం పెదవుల్లాంటి క్లిప్పులున్నవి, ఏదో హోటల్ పేరు చెక్కిన చెక్కవి. వాటిలో నా నల్లవి ఆరు. ఆవిడవి ఒక్కటీ కదల్లేదు. మా వీధిలో అందరికీ ఒకే ఆలోచన వచ్చింది: హ్యాంగర్లు కావలసినవాళ్ళు ఎలాగూ ఇక్కడికొస్తారు, మనవీ నాలుగు వేస్తే వాళ్ళకు తిరుగుడు తప్పుతుంది. ఎంత మంచివాళ్ళమో చూడండి.

ఇంకో ఊళ్ళో అయితే ఆర్డిస్ తలుపు తలుపూ తట్టి అరిచేది. ఇక్కడ ఆవిడ పెట్టెను మోసుకుని లోపలికి వెళ్ళి, మర్నాడు రెండు పెట్టెలు బయట పెట్టింది. మూడో రోజుకు అవి మూడయ్యాయి.

తర్వాత చెత్త తీసుకెళ్ళే కుర్రాళ్ళను అడిగింది. హ్యాంగర్లు మిషన్లో చుట్టుకుంటాయి, వద్దన్నారు. పాత బట్టలమ్మే దుకాణంలో అడిగింది. బట్టలు తగిలించి ఉంటేనే తీసుకుంటామన్నారు. ఆవిడ ఇంటికొచ్చి ఆలోచించి, తొమ్మిది హ్యాంగర్లకు తన తొమ్మిది జాకెట్లు తగిలించి ఇచ్చి వచ్చింది. ఆ వారమంతా ఒకే నీలం స్వెట్టర్‌లో కనపడితే నేను కారణం అడగలేదు. అడిగితే చెప్పేది. అందుకే అడగలేదు, నా ఆరు సంగతి బయటికొస్తుందని.

ఇక చర్చి మిగిలింది. మా చర్చి ముందుగదిలో కోట్లు తగిలించుకునే, కాళ్ళమీద నిలబడే పొడుగాటి ఇనప దండెం ఉంది. మొదటి మంచు పడిన ఆదివారం ఆర్డిస్ తన పెద్ద కోటు లోపల పన్నెండు హ్యాంగర్లు దాచుకుని వచ్చింది. నడుస్తుంటే సన్నగా మోగింది. పక్కన కూర్చున్న ఆరిన్ లీ, ఎనభై దాటినవాడు, ప్రార్థన మధ్యలో రెండుసార్లు తన చెవి మిషను సర్దుకున్నాడు. ఆర్డిస్ మోకాళ్ళు బిగించి కూర్చుంది. తర్వాతి ఆదివారం ఇరవై. బుధవారం రాత్రి భోజనాలకు ముప్పై. చిల్లిపడ్డ పడవలోంచి నీళ్ళు తోడేదాని పట్టుదలతో తోడింది.

అక్టోబరు చివరి ఆదివారం దండెం నిండిపోయింది. ఆరాధన అయ్యాక ఆరిన్ తన కోటు లాగితే రాలేదు. ఇంకాస్త లాగాడు. దండెం మొత్తం, యాభై కోట్లతో సహా, ముసలాయన మీదికి నెమ్మదిగా వంగింది. ఆయన ఉన్ని కోట్ల కింద నుంచి, "నాకేం ఫరవాలేదు, మీరు కాఫీ తాగండి" అన్నాడు.

అందరం కలిసి ఆయన్ని బయటికి లాగాం. పాస్టర్ గ్రెటా, కొత్తగా వచ్చిన పిల్ల, నేల మీద చెల్లాచెదురుగా పడ్డ హ్యాంగర్లను చూసి, "ఎవరో ఉదారంగా ఇచ్చారు, దేవుడు వాళ్ళను దీవించుగాక. కానీ కొంచెం ఎక్కువైనట్టున్నాయి" అంది. తర్వాత చుట్టూ చూసి, "ఆర్డిస్ గారూ, మీ వ్యాను పెద్దది కదా. ఇవి మీరు తీసుకెళ్ళి ఎక్కడైనా ఇవ్వగలరా?"

"ఓ, తప్పకుండా" అంది ఆర్డిస్.

నేనూ ఆవిడా కలిసి ఏడు సంచులు నింపాం. వ్యాను దాకా మోశాం. ఆవిడ డ్రైవరు సీట్లో కూర్చుంది కానీ తాళం తిప్పలేదు.

"జోలీన్, ఎల్లుండితో నెల అయిపోతుంది."

"తెలుసు."

"ఇవి నావే. నేనే తెచ్చి పెట్టాను."

"అదీ తెలుసు. మీరు మోగుతున్నారు."

ఆవిడ నవ్వలేదు. "డెబ్బై ఒక్క ఏళ్ళలో ఎవరికీ వద్దని చెప్పలేదు. ఆ షాపాయనకు చెప్పుంటే నా చెల్లెలు పోయినసారే ఉండిపోయేది. నాలుగు రోజులకు వెళ్ళిపోయింది, నాలుగు రోజులకు." అంటూనే వ్యాను దిగింది. రెండు చేతుల్లో రెండు సంచులు పట్టుకుంది. "మిగతావి నువ్వు పట్టుకురా."

"ఎక్కడికి?"

"లోపలికి."

కాఫీ గదిలో నలభై మంది ఉన్నారు. బల్ల మీద నిమ్మకాయ బార్లనే మిఠాయి ట్రేలో చివరి ముక్కను ఎవరో సగం కోసి వదిలేశారు, ఇంకెవరో ఆ సగాన్ని మళ్ళీ సగం కోస్తున్నారు. ఆర్డిస్ సంచులను ఆ బల్ల మీదే బోర్లించింది. ఆ చప్పుడుకు గది మొత్తం తిరిగింది.

"ఇవి ఇచ్చింది ఏ ఉదార హృదయమూ కాదు, నేను. దొంగతనంగా తెచ్చి పెట్టాను. తప్పు నాదే. ఆరిన్, నీ మీద పడినందుకు క్షమించు. కానీ పాస్టరుగారూ, ఇవి నేను ఇంటికి తీసుకెళ్ళను. వద్దు."

ఆ మాట మా చర్చిలో ఎప్పుడూ ఎవరూ అంత పొట్టిగా అనలేదు. 

"పైగా ఇవన్నీ నావే కావు" అంటూ ఆర్డిస్ కుప్పలోంచి ఏరడం మొదలుపెట్టింది. "ఈ గులాబీరంగువి మార్లిస్, నీ మనవరాళ్ళవి. ఈ హోటల్‌వి, డ్వేన్, ఇరవయ్యేళ్ళ నాటి నీ పెళ్ళిరోజు ప్రయాణానివి. హోటల్‌వాళ్ళకు తెలుసా? ఈ నల్లవి ఆరూ..." అని ఆగి, గది అంతా చూసి, నా మీద చూపు నిలిపింది. "జోలీన్, కుక్కను తిప్పడానికి వచ్చేటప్పుడు ఎరుపు టోపీ పెట్టుకోకు. వంటింటి కిటికీలోంచి స్పష్టంగా కనపడతావు."

నా మొహం ఆ టోపీ రంగుకు తిరిగింది. ముందు నవ్వింది ఆరిన్. తర్వాత డ్వేన్ భార్య. నేను ఆరూ చంకలో పెట్టుకుని నిలబడ్డాను.

నవ్వులు తగ్గాక ఆరిన్ ఒక తీగ హ్యాంగర్ తీసి వంచి చూశాడు. "ఇది ఇనుమే కదా. నేను ప్రతి మంగళవారం నా ట్రక్కులో పాత ఇనుము తీసుకెళ్తాను. ఎన్ని ఉన్నా తీసుకుంటారు."

ఆర్డిస్ ఆయన వైపు తిరిగింది. "మరి చెప్పవేం?"

"నువ్వు అడగలేదుగా."

"నీకు శ్రమ ఎందుకని అడగలేదు."

"నీ హ్యాంగర్ల విషయంలో వేలు పెట్టడం ఎందుకని నేను చెప్పలేదు. పెట్టె మొదటి రోజే చూశాను." ఆయన కాఫీ తాగాడు. "ఇంట్లో ఇంకా ఉన్నాయా?"

ఆర్డిస్ నోరు తెరిచింది. అలవాటు కొద్దీ "అబ్బే, ఏం లేవులే" అనబోతోందని నాకు తెలుసు. నలభై మందిమీ ఎదురుచూశాం.

"ఉన్నాయి. చాలా. రేపు పొద్దున్నే రాగలవా?"

ఆరిన్ వచ్చాడు. మధ్యాహ్నానికి కడ్డీ కనపడింది, ఆ తర్వాత నేల కనపడింది, మూలలో ఆర్డిస్ పదేళ్ళుగా వెతుకుతున్న ఎడమకాలి మంచు బూటు కూడా కనపడింది. మంచి చెక్క హ్యాంగర్లు ఒక డజను పక్కన పెట్టి, ఆవిడ తన గదిలోకి తీసుకుపోయింది. ఒక్కటి కూడా ఈ అల్మరాలో ఉంచలేదు. నేను ఫోన్‌తో ఫోటో తీసి లవోన్‌కు పంపాను. రెండు నిమిషాల్లో జవాబు: "తలుపు వెనక కూడా తీసి పంపమను."

పంపాం. అక్కడ మేకు కూడా లేదు.

లవోన్ శనివారం దిగింది. చేతికర్ర ఊతంతో తిన్నగా వెనకగదికి వెళ్ళి, అల్మరా తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. తన ముదురాకుపచ్చ కోటు విప్పి, తను తెచ్చుకున్న హ్యాంగర్‌కే వేసి, కడ్డీకి సరిగ్గా మధ్యలో తగిలించింది. అటు ఒక బారెడు ఖాళీ, ఇటు ఒక బారెడు ఖాళీ. వెనక్కి జరిగి చాలాసేపు చూసింది. నేను వండి తెచ్చిన వేడి హాట్‌డిష్ గిన్నె చేతుల్లో చల్లారిపోతోంది, అయినా కదలబుద్ధి కాలేదు.

"ఇంత నాకెందుకే? సగం నువ్వు వాడుకో" అంది లవోన్.

"వద్దు" అంది ఆర్డిస్.

"నీ చలికాలం గౌన్లైనా పెట్టుకో."

"వద్దే."

"పోనీ ఆ చివర, ఒక్క కోటు."

మూడోసారి కదా, ఇక ఒప్పుకుంటుందని లవోన్ పక్కకు కూడా జరిగింది.

"వద్దు" అంది ఆర్డిస్. "ఇది నీది."

లవోన్ నా వైపు తిరిగింది. "దీనికి ఏమైంది? ఎవరు నేర్పారు?"

"మేమే, చర్చివాళ్ళందరం కలిసి" అన్నాను. నా వంతు ఎంతో మాత్రం చెప్పలేదు. ఆ ఆరు నల్ల హ్యాంగర్లు ఇంకా మా కారు డిక్కీలోనే ఉన్నాయి. మలుపు తిరిగినప్పుడల్లా మోగుతాయి. ఇవీ తీసుకోండని ఆర్డిస్‌ను అడిగే ధైర్యం నాకు లేదు, ఏమంటుందో తెలుసు.